ఏ మాట తీసెయ్యాలి, ఎవరు తీసెయ్యాలి

సోషల్ మీడియాలో హానికరమైన మాట అంటే ఏమిటో మన చట్టాల్లో ఒక్కచోట నిర్వచనం దొరకదు. ఉన్నదంతా ముక్కలు ముక్కలుగా ఉంది. వర్గాల మధ్య వైరం పెంచే మాటలకు భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్, మత విశ్వాసాలను కావాలని అవమానిస్తే 299, జనాన్ని బెదరగొట్టే పుకార్లకు 353. 2024 జులై 1కి ముందు ఇవే ఐపీసీలో 153ఎ, 295ఎ, 505. ఐటీ చట్టానికి వస్తే అశ్లీలానికి 67, పోస్టులను ప్రభుత్వం మూయించడానికి 69ఎ, ఎవరో పెట్టిన పోస్టుకు కంపెనీ మెడకు ఉచ్చు బిగియకుండా కాపాడే 79. ఇన్ని సెక్షన్లున్నా వ్యవహారం ఎప్పుడూ రెండు ప్రశ్నల దగ్గరే ఆగుతుంది. ఏ మాట తీసెయ్యాలి? అది తేల్చేదెవరు? మొదటి ప్రశ్న మీద టీవీల్లో రోజూ కొట్లాట జరుగుతుంది. రెండోది అడిగేవాళ్లు తక్కువ.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. ఒకరు పాలమూరు వైపు చాలాకాలం పనిచేసి రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. నియంత్రణ గట్టిగా ఉండాలనేది ఆయన పక్షం. రెండోవారు తెలంగాణ హైకోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు. ఆయన కంటే పాతికేళ్లు చిన్న. ప్రభుత్వం చేతికి కత్తెర ఇవ్వొద్దనేది ఆవిడ పక్షం. మనుషులు కల్పితం, వాళ్లు చెప్పే సంఘటనలు జరిగినవే.

సీఐ 2018 వేసవితో మొదలుపెట్టారు.

"అమ్మా, ఆ ఏడు గద్వాల పల్లెల్లో జనం రాత్రిపూట ఆరుబయట పడుకోవడం మానేశారు. ఎండాకాలంలో వాకిట్లో మంచం వేసుకోని ఊరుంటుందా? కానిస్టేబుళ్లకు అనుమానం వచ్చింది అక్కడే. ఆరా తీస్తే ఫోన్లలో వీడియోలు. పార్థీ గ్యాంగ్ దిగిందట, పిల్లల్ని ఎత్తుకుపోతోందట."

అప్పట్లో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి అసలు కరాచీలో తీసింది. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండండని చెప్పడానికి అక్కడి స్వచ్ఛంద సంస్థ ఒకటి తీయించిన ప్రచార చిత్రం. బైకు మీద ఇద్దరొచ్చి వీధిలో ఆడుకునే పిల్లవాణ్ణి లాక్కుపోతారు. కాసేపటికి తిరిగొచ్చి వాణ్ణి దించేసి, ఒక బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. మిగిలింది కిడ్నాప్ దృశ్యం. దానికి ఎక్కడికక్కడ స్థానిక భాషలో గొంతులు తోడయ్యాయి. మే నెలాఖరులో హైదరాబాద్ చంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు చనిపోయారు. జులై 13న హైదరాబాద్ నుంచి కారులో వెళ్లిన కొందరు బీదర్ జిల్లా ముర్కి దగ్గర బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. ఆ సంగతి వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. వాళ్లు ముందున్న ఊరు చేరేసరికి జనం దారి కాశారు. ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు.

"చాక్లెట్ ఇచ్చినందుకు చంపేశారమ్మా. దీన్ని కూడా భావప్రకటన అందామా?" అన్నారు సీఐ.

లాయరు అడ్డుకోలేదు. ఆయన ఉదాహరణనే తీసుకుని తిరిగి అడిగారు. "గద్వాలలో ఎవరూ చావలేదు కదా సార్. ఏ సెక్షన్ కాపాడింది?"

నిజానికి అక్కడ కాపాడింది సెక్షన్ కాదు. అప్పటి జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును అప్పగించి, డప్పులతో పాటలతో పుకార్ల మీద ప్రచారం చేయించారు. పోలీసులు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరి, వచ్చిన ప్రతి వీడియోకూ అక్కడే జవాబు చెప్పారు. ఒక్క పోస్టు తీసేసి సాధించింది కాదది.

"నిజమే. అలాంటి ఎస్పీలు ఎన్ని జిల్లాలకు దొరుకుతారు? ముర్కి దగ్గర జరిగింది క్షణాల మీద పని. డప్పు కొట్టేలోపు అంతా అయిపోయింది" అన్నారు సీఐ.

ఇక్కడ ఇద్దరూ పట్టించుకోవలసిన సంగతి ఒకటుంది. 2018 జులైలో కేంద్ర ఐటీ శాఖ వాట్సాప్‌కు లేఖల మీద లేఖలు రాసింది. అదే నెలలో ఆ కంపెనీ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వకుండా పరిమితి పెట్టింది. వీడియోల పక్కనుండే ఫార్వర్డ్ బటన్ కూడా తీసేసింది. 2019 జనవరిలో ఆ పరిమితి ప్రపంచమంతటికీ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా పుకార్ల కాలంలో, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్కో చాట్‌కే పంపగలిగేలా ఇంకా బిగించారు. ఎవరి మాటనూ ఎవరూ చెరిపేయలేదు. మాట పరుగు మాత్రం తగ్గింది. నియంత్రణ అనగానే కత్తెరే గుర్తొచ్చే చర్చల్లో ఈ ఉదాహరణను కావలసినంతగా వాడుకోరు.

లాయరు దాన్ని తన ఖాతాలో వేసుకున్నారు. "చూశారా సార్, గొంతు నొక్కకుండానే పనైంది."

"ప్రభుత్వం వెంటపడితేనే అయింది. లేకపోతే ఆ కంపెనీ బటన్ తీసేదా?" అన్నారు సీఐ. ఈ వాదులాటలో ఆయనకు పడిన మొదటి పాయింటు ఇది.

అక్కడితో మాట 66ఎ మీదికి మళ్లింది. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణతో పుట్టి, 2009 అక్టోబరులో అమల్లోకి వచ్చిన సెక్షన్ అది. కంప్యూటర్ ద్వారానో ఫోన్ ద్వారానో బాగా అభ్యంతరకరమైనది పంపినా, అబద్ధమని తెలిసీ చిరాకు, అసౌకర్యం కలిగించేది పంపినా మూడేళ్ల దాకా జైలు. 2012 నవంబరులో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై బంద్ గురించి పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసింది. స్నేహితురాలు దానికి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేసింది. తీర్పు రాసింది నారిమన్. ఒక విషయాన్ని చర్చించడం వేరు, దాని తరఫున గట్టిగా వాదించడం వేరు, జనాన్ని ఉసిగొల్పడం వేరు, మూడోది వచ్చినప్పుడే రాజ్యం చెయ్యి వేయొచ్చని ఆ తీర్పు గీత గీసింది.

"లైక్ కొట్టినందుకు లాకప్ సార్. చిరాకు అంటే ఎవరి చిరాకు? ఎస్సైదా, ఎమ్మెల్యేదా?"

"ఆ సెక్షన్ పోయింది కదమ్మా. పోయినదాన్ని పట్టుకుని ఇంకా భయపెడితే ఎట్లా?"

పోయిందన్నది కాగితం మీద మాటే. కొట్టేసిన ఆరేడేళ్ల తర్వాత కూడా స్టేషన్లలో 66ఎ కింద కేసులు కడుతూనే ఉన్నారని బయటపడితే, 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ నోరు తెరిచి, ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించకూడదని చెప్పాల్సి వచ్చింది. దీనికి సీఐ దగ్గర కుట్రలు లేని, నమ్మదగిన కారణం ఒకటుంది. "స్టేషన్ రైటర్ కొత్త ఎఫ్‌ఐఆర్‌ను పాతదాన్ని చూసి కొడతాడమ్మా. పేరు మారుస్తాడు, తేదీ మారుస్తాడు, సెక్షన్లు అట్లే ఉంటాయి. తీర్పు ఢిల్లీలో వస్తుంది, మా కంప్యూటర్‌లో పాత ఫైలే ఉంటుంది."

"అందుకే సార్, మీకు కొత్త సెక్షన్ ఇవ్వాలంటే భయం."

ఆ భయానికి తెలుగు రాష్ట్రాల్లో ఆధారాలు వెతుక్కోనక్కర్లేదు. 2020 మే నెలలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు తర్వాత ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిన మహిళ మీద ఆంధ్రప్రదేశ్ సీఐడీ కేసు పెట్టింది. అంతకు ముందు ప్రభుత్వంలోనూ, ఆ తర్వాతి ప్రభుత్వంలోనూ పోస్టుల మీద అరెస్టులు జరిగాయి. ప్రభుత్వం మారితే నిందితుల పార్టీ మారుతుంది, కేసు కాగితం మారదు. లాయరు తన పనిలో రోజూ చూసే తంతు ఒకటి చెప్పారు. ఒకే పోస్టు మీద నాలుగు జిల్లాల్లో ఫిర్యాదులు పడతాయి. ఒకదాంట్లో బెయిలొచ్చి జైలు గేటు దాటేలోపు ఇంకో స్టేషన్ నుంచి, మనిషిని అక్కడి కేసుకు తరలించమనే పీటీ వారెంట్ వస్తుంది. చివరికి కేసు నిలవకపోవచ్చు. అప్పటికి తిప్పడమే శిక్ష అయిపోతుంది.

సీఐ దీన్ని కాదనలేదు. "పైనుంచి ఫోనొస్తే కిందివాడు ఏం చేస్తాడు?" అని మాత్రం అన్నారు. అది సమర్థన కాదని ఆయనకూ తెలుసు.

కోర్టులు ఈ మధ్య ఇక్కడే పగ్గం వేయడానికి చూస్తున్నాయి. రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ సోషల్ మీడియాలో పెట్టిన వీడియోలో వినిపించిన కవిత మీద గుజరాత్‌లోని జామ్‌నగర్ పోలీసులు కేసు కడితే, 2025 మార్చి 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇలాంటి నేరారోపణల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయడమే మేలని చెప్పింది. ప్రతి విమర్శలోనూ ముప్పు చూసే పిరికివాడి కొలతతో కాక, గుండె నిబ్బరమున్న మనిషి కొలతతో మాటను తూచాలనీ చెప్పింది. అదే ఏడు సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ముఖ్యమంత్రిని విమర్శించిన పోస్టుల మీద పెట్టిన కేసులను కొట్టేస్తూ పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదుదారు నిజంగా బాధితుడేనా అని చూడాలి, ఆదరాబాదరా అరెస్టు కూడదు, చిక్కు కేసుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ సలహా తీసుకోవాలి.

"అయితే మనిషిని వదిలేద్దాం, కంపెనీనే పట్టుకుందాం" అన్నారు సీఐ. "డబ్బు చేసుకునేది వాడు. తిట్టు ఎక్కువైతే చూసేవాళ్లు ఎక్కువ, చూసేవాళ్లు ఎక్కువైతే ప్రకటనలు ఎక్కువ."

ఈ దారిలో ముందు నడిచింది జర్మనీ. 2017లో చేసిన చట్టంతో, 20 లక్షలకు మించి వినియోగదారులున్న వేదికలు చూడగానే చట్టవిరుద్ధమని తెలిసే పోస్టును ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలంది. పద్ధతి పాటించకపోతే 5 కోట్ల యూరోల దాకా జరిమానా. లాయరు అభ్యంతరం ఆ లెక్కలోని వాలు మీద. "ఉంచితే జరిమానా. తప్పుగా తీసేస్తే ఏమీ లేదు. మీరైతే ఏం చేస్తారు సార్? అనుమానం ఉన్నదల్లా తీసేస్తారు." యూరోపియన్ యూనియన్ తర్వాత తెచ్చిన డిజిటల్ సేవల చట్టం ఈ వాలును కొంత సరిచేసింది. 2024 ఫిబ్రవరి నుంచి అది పూర్తిగా అమల్లో ఉంది. పోస్టు తీసేస్తే ఎందుకు తీశారో రాసిన మనిషికి చెప్పాలి, అప్పీలుకు దారి చూపాలి. 4.5 కోట్ల మందికి మించి వాడే వేదికలు తమ పద్ధతి వల్ల సమాజానికి ఏ ముప్పులున్నాయో తామే అంచనా కట్టి నివేదించాలి. జరిమానా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 6 శాతం దాకా.

మన దగ్గర 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నిబంధనలు 50 లక్షల వినియోగదారులు దాటిన వేదికలకు దేశంలోనే ఉండే ఫిర్యాదుల అధికారిని తప్పనిసరి చేశాయి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని అప్పట్లో గడువు పెట్టాయి. నగ్నచిత్రాలు, మార్ఫింగ్ ఫొటోల ఫిర్యాదైతే 24 గంటల్లో తీసేయాలన్నాయి.

ఈ చివరి దాని మీద ఇద్దరికీ తగాదా లేదు. స్టేషన్‌కు వచ్చే ఆడపిల్లల సంగతి సీఐ చెప్పారు. తల్లి పక్కన నిలబడి ఉంటుంది, అమ్మాయి ఫోన్ తెరిచి స్క్రీన్‌షాట్ చూపిస్తుంది. లింక్ ఏదమ్మా అంటే తెలియదు. ఆ పోస్టు పెట్టినవాడు ఈ అమ్మాయిని అప్పటికే బ్లాక్ చేసి ఉంటాడు. లింక్ లేకుండా కంపెనీకి రాస్తే ఫిర్యాదు తిరిగొస్తుంది. లింక్ కోసం బాధితురాలే ఇంకెవరి ఫోన్‌లోనో ఆ బొమ్మను మళ్లీ వెతికించాలి. లాయరు ఇంకోటి కలిపారు. ఒకచోట తీసేస్తే టెలిగ్రామ్‌లో తేలుతుంది. ఫొటోకు వేలిముద్రలాంటి అంకెల గుర్తు ఒకటి తయారుచేసి, అదే ఫొటో మళ్లీ ఎక్కబోతే ఆపే పద్ధతి కొన్ని వేదికల్లో ఉంది. దాన్ని తప్పనిసరి చేస్తే తనకేం అభ్యంతరం లేదన్నారు. ఇక్కడ హాని జరిగింది ఒక మనిషికి, ఆ మనిషి ఎదురుగా ఉంది, ఒప్పుకోలేదని చెబుతోంది. దీనికి ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు.

మాటల దగ్గరే చిక్కు. మాట భాషలో ఉంటుంది, భాష ఊళ్లో ఉంటుంది. అమ్మమ్మ మనవణ్ణి "సచ్చినోడా, ఇటు రా" అని పిలిస్తే అందులో చావు లేదు. "వాళ్ల సంగతి తెలిసిందేగా, ఈ శుక్రవారం చూద్దాం" అన్న వాక్యంలో ఒక్క తిట్టూ లేదు, కానీ ఆ వారం ఆ ఊళ్లో దాని అర్థం అందరికీ తెలుసు. తిట్లు వెతికే యంత్రం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలే అవకాశమే ఎక్కువ. పైగా మనవాళ్లు సగం తెలుగు ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు, ఒక్కో మాటకు ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. కులం పేరు ఎత్తకుండా కులాన్ని తిట్టే విద్య వేరే ఉంది, అది బయటివాడికి నిఘంటువులో దొరకదు. మయన్మార్‌లో రోహింగ్యాల మీద విద్వేషం పెచ్చుమీరిన రోజుల్లో ఫేస్‌బుక్‌లో బర్మీస్ చదవగలిగినవాళ్లు చాలా కొద్దిమంది. తాము చేయాల్సినంత చేయలేదని ఆ కంపెనీ 2018 నవంబరులో ఒప్పుకుంది. హిందీ, బెంగాలీ లాంటి పెద్ద భాషల్లోనే విద్వేషాన్ని గుర్తించే సాధనాలు చాలడం లేదని 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన కంపెనీ పత్రాలు చూపాయి. 2022 అక్టోబరు సవరణ తర్వాత మన నిబంధనల ప్రకారం వేదికలు తమ షరతులను ఎనిమిదో షెడ్యూలు భాషల్లోనూ అందుబాటులో ఉంచాలి. షరతులు తెలుగులో ఉంటాయి సరే, ఫిర్యాదును చదివేవాడికి తెలుగు రావాలని మాత్రం ఎక్కడా లేదు.

"ఇది నేను ఒప్పుకుంటాను" అన్నారు సీఐ. "గుంటూరు పోస్టును గుర్గావ్‌లో కూర్చున్నవాడు చదివితే ఏం తెలుస్తుంది? అందుకే స్థానిక పోలీసుకు అధికారం ఉండాలంటాను."

ఆయన గెలిచినట్టు కనిపించిన చోటే లాయరు అసలు ప్రశ్న పెట్టారు. భాష తెలిసినవాడికి పార్టీ కూడా తెలిసి ఉంటుంది. కేంద్రం గురించి వచ్చే వార్త అబద్ధమో కాదో తేల్చడానికి 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలను సవరించి ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగానికి వీలు కల్పించారు. తన మీద వచ్చిన మాట నిజమో కాదో తానే చెప్పుకోవడం అది. హాస్య కళాకారుడు కునాల్ కామ్రా తదితరులు బాంబే హైకోర్టుకు వెళ్లారు. 2024 జనవరి 31న ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. మార్చిలో కేంద్రం ఆ విభాగాన్ని నోటిఫై చేసిన మర్నాడే సుప్రీంకోర్టు నిలిపివేసింది. మూడో జడ్జి జస్టిస్ ఎ.ఎస్. చందూర్కర్ 2024 సెప్టెంబరు 20న ఆ సవరణ రాజ్యాంగ విరుద్ధమన్నారు.

ఇటు సహయోగ్ పోర్టల్ మాత్రం నిలబడింది. వేర్వేరు శాఖలు, రాష్ట్రాల పోలీసులు తీసేయాల్సిన పోస్టుల గురించి కంపెనీలకు నోటీసులు పంపే వేదిక అది. ఐటీ చట్టం 79(3)(బి) కింద నడుస్తుంది. దాన్ని సవాలు చేసిన ఎక్స్ కార్ప్ పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరు 24న తోసిపుచ్చింది. నెల తిరక్కుండానే కేంద్రం నిబంధనలను కాస్త బిగించి, నోటీసు ఇచ్చే అధికారి సంయుక్త కార్యదర్శి హోదాకు, పోలీసుల్లో డీఐజీ హోదాకు తగ్గకూడదంది.

"డీఐజీ అంటే చిన్నవాడేం కాదు కదమ్మా."

"హోదా సంగతి కాదు సార్. పోస్టు పోయిందని రాసినవాడికి తెలిసేది అది మాయమయ్యాకే. ఎవరు పొమ్మన్నారో, ఎందుకో తెలియదు. 69ఎ కింద 2009లో చేసిన నిబంధనల్లో 16వది చూడండి. ఫిర్యాదూ చర్యా అంతా రహస్యమే. కారణాలు రాసిపెట్టాలన్న షరతు ఉందనే కదా శ్రేయా సింఘాల్ కేసులో 69ఎ నిలబడింది. రాసిన కారణం బీరువాలో ఉంటే రాసి ఏం లాభం?"

"అల్లర్లప్పుడు కారణం బయటపెడితే, తీసేసిన పోస్టును మళ్లీ మనమే చదివి వినిపించినట్టు కాదా?"

ఇది గట్టి జవాబే, లాయరు కాసేపు ఆగారు. తర్వాత అడిగారు. "సార్, మీరు ఎవరింట్లోనైనా సోదా చేసి ఒక ఫోన్ పట్టుకుపోతే ఏం చేస్తారు?"

"పంచనామా రాస్తాం. ఇద్దరు పంచ్‌ల సంతకాలు. వస్తువుల జాబితా. ఇంటాయనకు ఒక కాపీ."

"ఊరందరికీ ఇస్తారా?"

"ఎందుకిస్తాం? ఇంటాయనకే."

"పోస్టుకూ అంతే చేయండి. ఏ పోస్టు, ఏ సెక్షన్, ఏ అధికారి, ఏ కారణం. రాసినవాడికి ఒక కాపీ. వాడు దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్తాడో, ఇంట్లో పెట్టుకుంటాడో వాడిష్టం."

సీఐ లెక్కలు వేశారు. రోజుకు వందల నోటీసులు పోతుంటే ఒక్కోదానికి కాపీ అంటే ఎవరు కూర్చుని రాస్తారు, పేరు లేని ఖాతాకు ఏ చిరునామాకు పంపాలి, అల్లరి మూక రాత్రి తొమ్మిదికి బయల్దేరితే పంచనామా ఎప్పుడు రాయాలి. చివరి దానికి నిబంధనల్లోనే దారి ఉందని లాయరు చూపించారు. అత్యవసరమైతే ముందు మూయించి, 48 గంటల్లోగా కమిటీ ముందు పెట్టాలని 9వ నిబంధన చెబుతోంది. పేరు లేని ఖాతాకు ఆ ఖాతాకే మెసేజ్ పెట్టొచ్చు, కంపెనీ ఎలాగూ పంపగలదు.

"నలభై ఎనిమిది గంటల తర్వాత కాపీ అంటే సరే" అన్నారు సీఐ. "కానీ అది పేపర్లో రావడానికి మాత్రం నేను ఒప్పుకోను."

"కాపీ నా క్లయింటు చేతికొచ్చాక పేపర్లో రావాలో వద్దో మీరెట్లా చెబుతారు సార్?"

ఆ ఒక్కదాని మీద మాత్రం ఇద్దరికీ కుదరలేదు.